పరుపులో ఒకే గుంట

వెనక నుంచి పిలిస్తే పెదనాయన తల తిప్పేవాడు కాదు. చేతిలోని దబ్బనాన్ని పరుపులో గుచ్చి, కాళ్లు మార్చుకుని, మనిషి మొత్తం మనవైపు తిరిగి, అప్పుడు "ఏంది పాపా" అనేవాడు. పిలిచింది చిన్నపిల్లలైనా అంతే. గిద్దలూరు బజారులో ఇంత మర్యాద తెలిసిన మనిషి ఇంకొకరు లేరని ఎంతమందితో చెప్పానో నాకే గుర్తు లేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బస్టాండు వెనక సందులో దూది ఏకి పరుపులు కుట్టే ముసలాయన. ఊరంతా పరుపుల సాయిబు అనేవాళ్లు. నేను మొదటిరోజే పోట్లాటలో పెదనాయనా అన్నాను, అదే నిలిచిపోయింది. మొన్న ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకు పోయి వచ్చాను. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రాస్తే కాస్త తగ్గుతుందేమోనని కూర్చున్నాను. కూర్చున్నాను అనడం కూడా తప్పే, వంటగట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. అది కూడా ఆయన నేర్పిందే.

పరుపులు కుట్టేవాళ్లు నేలమీద కూర్చుని, ముందుకు వంగి కుడతారు. ఈయన నడుమెత్తు బల్ల ఒకటి చేయించుకుని, దానిమీద పరుపు పరిచి, చుట్టూ తిరుగుతూ నిలబడి కుట్టేవాడు. "సాయిబు పరుపులకు బఫే పెట్టినాడు" అని పక్కన సైకిలు షాపువాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. పాత పరుపు వస్తే వెంటనే విప్పేవాడు కాదు. రెండు అరచేతులూ ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు తడుముకుంటూ పోయేవాడు. ఆ కాసేపూ పరుపు తెచ్చిన మనిషితో మాట్లాడడు, పరుపుతోనే మాట్లాడతాడు. "ఎవురమ్మా నిన్నిట్ల తొక్కింది?" అని మొదలుపెట్టేవాడు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే ఒక కానిస్టేబులు పరుపు తెచ్చాడు. పెదనాయన తడిమి, "ఒక అంచే దిగింది. ఈ సారు దినామూ ఈన్నే కూసోని, ముందుకు వంగి బూట్లు కట్టుకుంటాడు. కాలు స్టూలు మీద పెట్టుకోని కట్టుకోమని చెప్పమ్మా" అని పరుపుకు చెప్పాడు. కానిస్టేబులు పక్కనే నిలబడి వింటున్నాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక తన బూట్లవైపు చూసుకున్నాడు. తలవైపు గుంట ఉంటే దానికి పెదనాయన పెట్టిన పేరు ఫోను గుంట. "సగం కూసోని సగం పండుకోని ఫోను చూసే మనిషి. దీంట్లో ఎంత దూది పోసినా ఆ మెడ బాగుపడదు" అనేవాడు. కొత్త దూది వేయించుకుందామని వచ్చినవాళ్లకు కూర్చునే పద్ధతి చెప్పి పంపితే ఎవరికి నచ్చుతుంది? కొందరు గొణుక్కుంటూ పోయి ఫోము పరుపులు కొనుక్కున్నారు.

నేను ఆయన దగ్గరికి ఎట్లా చేరానో చెప్పాలంటే ముందు మా నాయన సంగతి చెప్పాలి. మాది అర్ధవీడు వైపు పల్లె. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండేది. ఆ సంగతి తెలిసేటప్పటికే పెద్దవాళ్లు ఒక్కొక్కరే బిగుసుకుపోతున్నారు. మా పల్లెలో దానికి నీళ్ల నొప్పి అని పేరు. నడుము నొప్పి ఎందుకొచ్చినా మావాళ్లకు తెలిసిన పేరు అదొక్కటే. మూట ఎత్తి నడుము పట్టుకున్నా నీళ్ల నొప్పే, దినమంతా మిరపకాయలు ఏరి పట్టుకున్నా నీళ్ల నొప్పే. ఆ పేరు పెట్టాక ఇంక చేసేదేమీ లేదని అందరూ నోరు మూసుకునేవాళ్లు.

నాయనకు మాత్రం నిజంగానే అది వచ్చింది. ముందు మెడ పట్టింది, తర్వాత నడుము. చివరి ఏళ్లలో ఆకాశంవైపు చూడలేకపోయేవాడు. వాకిట్లో నిలబడి నేలను చూస్తూ "మబ్బు పట్టిందేమో చూడు పాపా" అని నన్ను అడిగేవాడు. చనిపోయిన రోజు ఆయన్ను పాడె మీద తిన్నగా పడుకోబెట్టడానికి నలుగురు మగవాళ్లు తంటాలు పడ్డారు. ఆ దృశ్యం చూసిన కూతురికి నడుములో చిన్న కలుక్కు వచ్చినా గుండె జారుతుంది. నాకు జారింది.

పెళ్లై గిద్దలూరు వచ్చాను. మా ఆయన లారీ మీద పోతాడు, నెలలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండడు. నేను దస్తావేజులు రాసే ఒకాయన దగ్గర కంప్యూటరు మీద టైపు చేస్తాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడం, మళ్లీ సాయంత్రందాకా కుర్చీయే. ఒక కాలు మడిచి కిందేసుకుని, మొహం తెర మీదకు పెట్టి, వీపు వంచి కూర్చోవడం నా అలవాటు. రెండేళ్ల కిందట ఒక పొద్దున బకెట్టు ఎత్తబోతే నడుము పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత స్టవ్వు దగ్గర ఉండగా మా అమ్మాయి వెనక నుంచి "అమ్మా" అని పిలిచింది. నేను తల తిప్పలేదు. గరిటె పట్టుకుని మనిషి మొత్తం తిరిగాను. తిరిగాక నాకే అర్థమైంది, అది నాయన తిరిగే తీరు. దోసె మాడిపోతున్నా నేను కదలలేదు.

ఎవరికీ చెప్పలేదు. బెల్టు ఒకటి కొని పగలూ రాత్రీ కట్టుకున్నాను. వంగడం మానేశాను, బిందె ఎత్తడం మానేశాను, మేడ మెట్లెక్కడం మానేశాను. కింద పడ్డ చెంచా కూడా అమ్మాయే తీసివ్వాలి. నీళ్లంటే అసహ్యం పుట్టి, క్యాను నీళ్లు కూడా రెండు గుక్కలతో సరిపెట్టేదాన్ని. ఎముకల డాక్టరు దగ్గరికి పోదాం అని మా ఆయన ఫోనులో అంటే కసురుకున్నాను. ఎక్స్‌రే ఫోటో తీస్తేనే కదా రోగం బయటపడేది, తీయకపోతే లేనట్టే అని నా లెక్క. పొద్దున మెలకువ రాగానే కళ్లు తెరవకుండా ముందు మెడ తిరుగుతుందో లేదో చూసుకునేదాన్ని. ఇంకా తిరుగుతోంది అనుకుని లేచేదాన్ని. అట్లా ఎన్నో నెలలు బతికాను.

పరుపు మెత్తనైందని, గట్టిగా కొబ్బరిపీచు వేయించుకుంటే నడుము నిలబడుతుందని ఎవరో చెప్పారు. ఆటోలో వేయించుకుని పెదనాయన దుకాణానికి తీసుకుపోయాను. ఆయన బల్లమీద పరిచి, ఎప్పటిలాగే తడిమాడు. మధ్యలో చేతులు ఆగిపోయాయి. చాలాసేపు పరుపుతో కూడా ఏమీ అనలేదు.

"దీనిమీద ఎవురు పండుకునేది పాపా?" అని నన్ను అడిగాడు.

"మా అత్త" అన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకు తెలియదు.

"మీ అత్తకు దేనికంత భయం?"

"భయమేంది? నడుము నొప్పి ఆమెకు."

"నొప్పి ఉన్నోళ్లు దొర్లుతారు పాపా. అటు కాసేపు, ఇటు కాసేపు. వాళ్ల పరుపు అంతా నలిగి ఉండలు కట్టింటాది. ఇది చూడు, యాడా నలగలే. ఒక్క కాడే గుంట పడింది. కదిలితే ఏమైతాదో అని ఊపిరి బిగబట్టుకోని పండుకునే మనిషిది ఇది." నా చీర కుచ్చిళ్ల పైన ఉబ్బెత్తుగా ఉన్నచోట ఒకసారి చూశాడు. "మీ అత్తను ఆ బెల్టు కూడా తీసేయమను."

నాకు ఏడుపొచ్చింది. ఆ సందులో, సైకిలు షాపువాళ్లు చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ మా నాయన సంగతంతా చెప్పాను. పాడె సంగతి కూడా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ఒక్కొక్కటే అడిగాడు.

"మీ నాయనకు మొదలు యాడ పట్టింది? నడుమా, మెడా?"

"మెడ."

"పొద్దున్నే ఎక్కువుండేదా, మాపటికా?"

"పొద్దున్నే."

"కూసుంటే లేసేదానికి అయ్యేదా?"

"లేదు. చివరికి కూసోడమే మానేసినాడు."

"అట్ల పట్టినాక ఎన్నేండ్లు నడిచినాడు?"

చెప్పాను. ఆయన బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంత శ్రద్ధగా ఏ డాక్టరూ అడగడు కదా అనుకుని నేను ఇంకా ఏడ్చాను.

"మార్కాపురం పోయి ఫోటో తీయించుకో" అన్నాడు.

"నాకు భయం."

"తెలుసు. నీది నీళ్ల నొప్పో, కూసునే నొప్పో నేను చెప్పలేను. నీకూ తెలీదు. ఫోటోకే తెలుసు." అని కత్తెర తీసుకుని, నా పరుపు కుట్లు నిలువునా తెంపి, దూదంతా నేలమీద కుమ్మరించాడు. "ఫోటో తెచ్చి చూపించు. అప్పుడు కుడతా."

"ఇదెక్కడి అన్యాయం పెదనాయనా! నా పరుపు నాకియ్యి!"

"అదో, దూది ఎత్తుకోని పో" అన్నాడు చల్లగా.

రెండు వారాలు చాప మీద పడుకున్నాను. ఆ ముసలాయన్ను తిట్టని పూట లేదు. నేలమీద నుంచి లేవాలంటే మంచం కోడు పట్టుకుని మోకాళ్ల మీద కాసేపు ఆగాల్సి వచ్చేది. చివరికి ఆ తిప్పలు భయాన్ని దాటిపోయి, ఒక సోమవారం మార్కాపురం బస్సెక్కాను. కంభం దాటేదాకా దిగిపోదామనే అనుకున్నాను. దారిలో కనిపించిన ప్రతి చేతిబోరూ నన్నే చూస్తున్నట్టు ఉంది. ఆసుపత్రిలో చల్లటి బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి బిగబట్టమ్మా" అన్నాడు ఎక్స్‌రే తీసే అబ్బాయి. ఆ పని నాకు బాగా వచ్చు.

డాక్టరు కుర్రవాడే. ఫోటోను వెలుతురుకు పెట్టి, "ఎముకలు శుభ్రంగా ఉన్నాయమ్మా. మీరు భయపడేది ఇందులో లేదు" అన్నాడు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి అడిగితే నవ్వాడు. గంటల తరబడి వంగి కూర్చోవడంతో నడుము కండలు అలిసిపోయాయి, భయపడి కదలకపోవడంతో బలహీనపడ్డాయి, బెల్టు తీసేసి నడవండి, అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి అన్నాడు. బయటికొచ్చి చెరుకురసం బండి పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాను. పెద్ద గ్లాసు రసం తాగాను.

తిన్నగా పెదనాయన దుకాణానికే పోయాను. ఆయన ఫోటో అందుకుని గుమ్మంలోకి వచ్చి ఎండకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగుండే నడుము ఇట్ల ఉంటాదా?" అన్నాడు. "బాగలేనోళ్లది ఎట్ల ఉంటాదంట?" నాకు తెలియదన్నాను. "ఇది రెండు దినాలు నా కాడ ఉండనీ పాపా" అన్నాడు. వచ్చినవాళ్లకు చూపించి తన గొప్ప చెప్పుకుంటాడేమో అనుకుని ఇచ్చాను.

ఆ వారంలోనే నా పరుపు కుట్టేశాడు. దానితోపాటు చదువూ మొదలైంది. గుడ్డ కొలిచే గజంబద్దను నా వీపుకు నిలువుగా ఆనించమన్నాడు. తల వెనక ఒకచోట, వీపు మధ్య ఒకచోట, వెన్ను కొస దగ్గర ఒకచోట బద్ద తగలాలి. అట్లా తగులుతూ ఉండగానే ముందుకు వంగాలి. "నడుము కాడ వంగొద్దు. తుంటి కాడ వంగు, మోకాళ్లు కాస్త వదులు. బద్ద యాడా లేయకూడదు." నేను వంగితే బద్ద వీపు వదిలేసేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా వంగి చూపించలేదు. "నువ్వు చూపించు" అని పెద్దమ్మను, అంటే ఆయన భార్యను, లోపలి నుంచి పిలిచేవాడు. ఆమె కొంగు దోపుకుని, బద్ద పట్టుకుని, "ఈయనకు చెప్పేదే వస్తాది, చేసేది రాదు. మా ఇంట్లో అన్నీ అంతే" అని నవ్వుతూ వంగేది. ముగ్గురం నవ్వేవాళ్లం.

ఇంకొక ఉపాయం కూడా ఆయనదే. "నీళ్లంటే భయపడతాండవు గదా. టేబులు మీద సీసా పెట్టుకోవద్దు. చిన్న గ్లాసు పెట్టుకో. క్యాను ఆ మూలన పెట్టించు. గ్లాసు అయినప్పుడల్లా లేసి పోయి పట్టుకో. నీళ్లూ తాగినట్లుంటాది, నడుమూ లేసినట్లుంటాది." మా ఓనరు రెండు రోజులు చూసి, "ఏందమ్మా, దినమంతా ఆ క్యాను చుట్టూ ప్రదక్షిణాలు చేస్తావు" అన్నాడు. నెల తిరిగేటప్పటికి ఆయనా ఒక చిన్న గ్లాసు తెచ్చుకున్నాడు.

ఒక్కరోజులో నయం కాలేదు. కుర్చీలో కాలు మడవడం మానడానికే మూడు నెలలు పట్టింది. కంప్యూటరు కింద రెండు పాత రిజిస్టర్లు పెట్టి తెర పైకి లేపాక మెడ వంచడం తగ్గింది. కొన్ని పొద్దులు మళ్లీ పట్టేసేది, మళ్లీ గుండె జారేది. అప్పుడు బెల్టు జోలికి పోకుండా లేచి, మేడమీద పది చుట్లు నడిచేదాన్ని. ఇప్పుడు బిందె ఎత్తుతున్నాను. వారానికోసారి సందులోకి పోయి "పెదనాయనా" అని పిలిచేదాన్ని. ఆయన దబ్బనం గుచ్చి, కాళ్లు మార్చుకుని, మొత్తం తిరిగి, "ఏంది పాపా, నడుము ఏమంటాంది?" అనేవాడు. చివరి ఆరు నెలల్లో ఆ తిరగడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది. ముసలితనం అనుకున్నాను.

రెండు రోజుల జ్వరంలో పోయాడు.

మొన్న ఫాతిహా అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. పెద్దమ్మ గజంబద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత లోపల చుట్టిపెట్టిన పరుపు చూపించి, "ఇది ఆయనది. దూది ఏకించి ఎవురికన్నా ఇద్దామనుకుంటాండా. ఊరందరి పరుపులూ విప్పినాడు గానీ దీన్ని ఒక్కసారన్నా విప్పనియ్యలే. చెయ్యి కూడా పెట్టనియ్యడు. బల్ల మీదికి ఒక పట్టు పట్టు పాపా" అంది.

ఇద్దరం పట్టి బల్ల మీద పరిచాం. ఆ చేతి అలవాటు నాకెప్పుడు వచ్చిందో తెలియదు, రెండు అరచేతులూ ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాను. దూది యాడా నలగలేదు, ఉండలు కట్టలేదు. మధ్యలో నా చేతులు దిగిపోయాయి. మనిషి పొడుగునా ఒకే గుంట. నా పరుపులో పడ్డదానికి రెండింతల లోతు ఉంది.

"పెద్దమ్మా, పెదనాయన నేలమీద కూసునేటోడా?" అన్నాను.

"యాడ కూసుంటాడు? నమాజు కూడా నిలబడే చేసేటోడు గదా, పదేండ్ల నుంచి. బల్ల దానికే చేయించుకున్నాడు. మెడ రాయి మాదిరి ఉండేది."

"ఫోటో తీయించుకోలేదా?"

"నేను చెప్పని దినం లేదు. పోయిన సంవత్సరం నీ ఫోటో ఇంటికి తెచ్చినాడు సూడు, దాన్ని కిటికీకి ఆనించి రెండు దినాలు సూసినాడు. వాళ్ల నాయన తాగిన నీళ్లే తాగిన పాపకే ఏమీ లేదంట, నాకేముంటాది అన్నాడు. ఆ పొద్దు నుంచి నేను ఆ మాట ఎత్తితే ఇనిపించుకునేటోడు కాదు."

నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆరోజు ఆయన అడిగిన మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలో పడుతున్నాయి. మొదలు యాడ పట్టింది. పొద్దున్నే ఎక్కువుండేదా. ఎన్నేండ్లు నడిచినాడు. నా కోసం అడుగుతున్నాడని మురిసిపోయి నేను కళ్లు తుడుచుకుంటూ జవాబులు చెప్పాను. నా ఒంటి భయంలో పడి ఎదురుగా ఉన్న ఒంటిని చూడలేదు. నన్ను చాప మీద పడుకోబెట్టి, తిట్లు తిని, మార్కాపురం బస్సెక్కించాడు. ఆయన పరుపు కుట్లు తెంపేవాళ్లు ఆయనకు ఒక్కరూ లేకపోయారు. ఎవరైనా తెంపాల్సి ఉంటే అది నేనే.

పరుపు విప్పవద్దని పెద్దమ్మకు చెప్పాను. బద్ద పట్టుకుని సందు మలుపు దాకా వచ్చాను. వెనక నుంచి ఆమె "పాపా, చెప్పులు మరిచిపోయినావు" అని కేకేసింది.

తల తిప్పి చూశాను. నా మెడ తిరిగింది.